ఫైబర్ పడవలో బోల్టు వదులైందా? బిగించే ముందు లోపలి చెక్కను పరీక్షించాలి

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల పాటు సముద్రంలో చేపల వేటపై నిషేధం అమల్లో ఉంటుంది. ఒడ్డుకు చేరిన పడవలకు రంగులు వేయడం, వలలు బాగుచేసుకోవడం, ఇంజిన్లు విప్పి శుభ్రం చేయడం వంటి పనులన్నీ ఈ రెండు నెలల్లోనే సాగుతాయి. ఈ పనుల నడుమ తగినంత శ్రద్ధకు నోచుకోని అంశం ఒకటుంది. ఇంజిన్‌ను పడవకు పట్టి ఉంచే బోల్టులే అవి. వదులుగా కనిపిస్తే స్పానర్‌తో మరో చుట్టు బిగించి ముందుకు సాగడం పరిపాటి.

ఆ ఒక్క చుట్టు బిగింపు సమస్యను తీర్చకపోగా, కొన్నిసార్లు దానిని కప్పిపుచ్చుతుంది. ఫైబర్ గ్లాస్ కుళ్లదు, పుచ్చదు అన్న నమ్మకం తీరప్రాంతంలో బలంగా ఉంది. గాజునారతో చేసిన పొర విషయంలో ఆ మాట నిజమే. అయితే ఆ పొరల మధ్య ఇమిడి ఉన్న చెక్కకు ఆ మాట వర్తించదు. పైకి నిగనిగలాడే పడవలో లోపలి చెక్క చీకిపోయి ఉండవచ్చు. పైన పటారం, లోన లొటారం అన్న సామెత ఇటువంటి పడవకు అక్షరాలా సరిపోతుంది.

ఇలా బలహీనపడిన పడవ ఒడ్డున ఉన్నంతకాలం ఏమీ తెలియదు. తీరానికి పది, పదిహేను కిలోమీటర్ల దూరంలో, ఎదురుగాలిలో ఇంజిన్ పూర్తి వేగంతో పనిచేస్తున్నప్పుడు బోల్టులు చెక్కను చీల్చుకుని ఊడిపోతే ఇంజిన్ సముద్రం పాలవుతుంది. పడవ వెనుక భాగం చిరిగి నీరు లోపలికి వస్తుంది. అప్పు చేసి కొన్న ఇంజిన్ పోవడం ఒక నష్టం కాగా, అందులోని వారి ప్రాణాలకు ఏర్పడే ముప్పు అంతకు మించినది. కాబట్టి వదులైన బోల్టును ఒక రోగ లక్షణంగా చూడాలి. దాని మూలాన్ని కనుగొన్నాకే చికిత్స చేయాలి. ఆ మూలాన్ని గుర్తించడానికి ఖరీదైన పరికరాలేవీ అవసరం లేదు. ఒక స్పానర్, చిన్న సుత్తి, రంగు డబ్బా, డ్రిల్ యంత్రం ఉంటే చాలు.

ఫైబర్ పడవలో చెక్క ఎక్కడ ఉంటుంది?

గాజునారను పాలిఎస్టర్ రెసిన్‌తో తడిపి, అచ్చులో పొరలుపొరలుగా పరిచి గట్టిపరచడమే ఫైబర్ పడవ నిర్మాణంలోని ప్రధాన ప్రక్రియ. బయటకు నునుపుగా, రంగుగా కనిపించే పలుచని పూతను జెల్‌కోట్ అంటారు. ఈ పొర లాగుడు బలాన్ని బాగా తట్టుకుంటుంది. కానీ పలుచగా ఉన్నప్పుడు సులభంగా వంగుతుంది. వంగకుండా ఉండేందుకు, బోల్టులకు పట్టు దొరికేందుకు కొన్ని చోట్ల రెండు పొరల మధ్య ప్లైవుడ్‌ను గానీ, గట్టి కలపను గానీ ఇముడుస్తారు.

ఇంజిన్ బిగించే వెనుక నిలువు పలక ఇందులో ముఖ్యమైనది. దీనినే ట్రాన్సమ్ అంటారు. అడుగున పొడవునా సాగే ఆధార దూలాలు, లోపలి ఇంజిన్ ఉన్న పడవల్లో ఇంజిన్ దిమ్మెలు, తాళ్లు కట్టే కొక్కేల కింది భాగాలు తదితర చోట్ల కూడా చెక్క ఉండే అవకాశం ఉంది. పూర్తిగా ఫైబర్‌తోనో, ఫోమ్ నింపిన పొరలతోనో కట్టిన పడవలూ ఉన్నాయి. అందువల్ల పరీక్షకు ముందు ఆ పడవను ఎలా కట్టారో నిర్మించిన యార్డులో అడిగి తెలుసుకోవడం మంచిది.

ట్రాన్సమ్‌పై పడే భారం సామాన్యమైనది కాదు. సంప్రదాయ మత్స్యకారులు విరివిగా వాడే 9.9 హార్స్‌పవర్ అవుట్‌బోర్డ్ ఇంజిన్ ఒక్కటే దాదాపు 40 కిలోల బరువు ఉంటుంది. ప్రొపెల్లర్ తోపు పలక పై అంచుకు సుమారు అర మీటరు దిగువన పనిచేస్తుంది. పడవ ముందుకు సాగుతున్నంతసేపూ ఇంజిన్ బ్రాకెట్ కింది అంచు పలకను లోపలికి నొక్కుతూ ఉంటుంది, పై బోల్టులను వెనక్కు లాగుతూ ఉంటుంది. అలపై నుంచి పడవ కిందికి పడిన ప్రతిసారీ ఈ ఒత్తిడి పెరుగుతుంది. ఒడ్డుకు చేరేటప్పుడు ఇంజిన్ కాలు ఇసుకకు తగిలితే బలం ఒక్కసారిగా వ్యతిరేక దిశలో పడుతుంది. రోజుకు వేలసార్లు సాగే ఈ లాగుడు, నొక్కుడు మధ్య పలక లోపలి చెక్కే ఇంజిన్‌కు ఆధారం.

నీరు ఎలా చొరబడుతుంది?

పొరల మధ్య మూసి ఉన్న చెక్కకు నీరు చేరడానికి ప్రధాన మార్గాలు బోల్టు రంధ్రాలే. రంధ్రం చేసినప్పుడు చెక్క కోసిన అంచులు బయటపడతాయి. వాటికి రెసిన్ పూయకుండా నేరుగా బోల్టు దిగ్గొట్టి, చుట్టూ కొద్దిగా సీలెంట్ రాసి వదిలేస్తే కొంతకాలం నీరు ఆగుతుంది. ఇంజిన్ కంపనాలకు ఆ సీలెంట్ పట్టు విడిచిన రోజు నుంచి నీరు లోపలికి చేరడం మొదలవుతుంది. అడుగున నీరు వదిలే రంధ్రం, పై అంచున మూత లేని ప్లైవుడ్ కొస, వాడకం మానేసిన పాత స్క్రూ రంధ్రాలు కూడా ఇటువంటి దారులే.

చెక్క నాళాల వెంబడి, ప్లైవుడ్ పొరల నడుమ నీరు నెమ్మదిగా పాకుతుంది. లోపలికి వెళ్లిన తేమ రెండు వైపులా ఫైబర్ పొర ఉన్నందున ఎండకు బయటకు రాలేదు. అందుకే నీరు చొచ్చిన చోటు ఒకటైతే కుళ్లు కనిపించే చోటు మరొకటి కావచ్చు. పై బోల్టు దగ్గర ప్రవేశించిన నీరు గురుత్వాకర్షణ వల్ల పలక అడుగు భాగంలో నిలిచి అక్కడి చెక్కను ముందుగా పాడుచేస్తుంది.

చెక్కను తినేది శిలీంధ్రం. చెక్కలోని తేమ దాని ఎండు బరువులో 20 శాతం లోపు ఉంటే అది పెరగలేదు. తేమ 30 శాతానికి చేరువై, కొద్దిగా గాలి, 25 నుంచి 30 డిగ్రీల వేడి తోడైతే వేగంగా వ్యాపిస్తుంది. మన తీరంలో ఇటువంటి వాతావరణం ఏడాదిలో ఎక్కువ నెలలు ఉంటుంది. ఉప్పునీటి కంటే వాననీరు ఎక్కువ ప్రమాదకరమన్నది చాలామందికి ఆశ్చర్యం కలిగించే విషయం. ఉప్పు కొంతమేరకు శిలీంధ్రాన్ని అడ్డుకుంటుంది. మంచినీటిలో ఆ రక్షణ ఉండదు. కాబట్టి సముద్రంలో తిరిగే పడవ కన్నా, వర్షాకాలంలో నీరు నిలిచేలా ఒడ్డున వదిలేసిన పడవ త్వరగా చీకుతుంది.

బోల్టు వదులవడానికి కారణాలు నాలుగు

వదులైన ప్రతి బోల్టు వెనుకా కుళ్లు ఉందని భావించనవసరం లేదు. కారణాలు ముఖ్యంగా నాలుగు. మొదటిది, కంపనాల వల్ల నట్టు తనంతట తాను తిరిగి వెనక్కు రావడం. రెండోది, వాషరు కింది చెక్క నలిగి పలుచబడటం. మూడోది, రంధ్రం అరిగి పెద్దదై బోల్టు అటూఇటూ ఆడటం. నాలుగోది, కంటికి కనిపించని మధ్యభాగంలో బోల్టే తుప్పు పట్టి సన్నబడటం.

మొదటి కారణానికి లాక్ నట్టు మార్చితే సరిపోతుంది. రెండో, మూడో కారణాల వెనుక తడిసిన లేదా చీకిన చెక్క ఉండే అవకాశం ఎక్కువ. నాలుగోది కూడా తేమనే సూచిస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలు తుప్పు పట్టదన్న భరోసా ఇక్కడ పనికిరాదు. ఆ లోహాన్ని కాపాడే పలుచని ఆక్సైడ్ పొర నిలవాలంటే ఆక్సిజన్ కావాలి. తడి చెక్కలో గాలి ఆడని చోట ఆ పొర దెబ్బతిని, ఉప్పు ప్రభావంతో లోహంలో గుంటలు పడతాయి. తల, నట్టు తళతళలాడుతూనే మధ్యలో బోల్టు సగానికి తగ్గిపోయిన సందర్భాలు ఉంటాయి. 304 రకం కన్నా 316 రకం దీనిని మెరుగ్గా తట్టుకుంటుంది. అయినా పూర్తి రక్షణ ఇవ్వదు.

ఈ నాలుగింటిలో ఏది అసలు కారణమో తేల్చడానికి కింది పరీక్షలను వరుసగా చేయాలి. తేలికైన దానితో మొదలుపెట్టి, పడవకు గాయం చేసే పరీక్షను చివరికి ఉంచాలి.

మొదటి పరీక్ష: కళ్లతో చూడటం

పడవను మంచినీటితో కడిగి, ఒకటి రెండు రోజులు ఆరనివ్వాలి. ఆ తరువాత ఉదయపు ఏటవాలు వెలుగులో వెనుక పలకను లోపల, బయట నిదానంగా చూడాలి. బోల్టు కింద గోధుమ రంగు చార కారి ఉంటే లోపల తేమ, తుప్పు ఉన్నట్లు అనుమానించాలి. పైన ఆరిన తరువాత కూడా ఏదైనా బోల్టు చుట్టూ, పగులు చుట్టూ తడి ఊరుతూ ఉంటే లోపల నీరు నిల్వ ఉందని అర్థం.

జెల్‌కోట్‌పై పగుళ్ల తీరును కూడా చదవాలి. ఒక బోల్టు చుట్టూ నక్షత్రం ఆకారంలో విచ్చుకున్న పగుళ్లు ఆ ఒక్క చోట ఒత్తిడి అధికంగా పడిందని చెబుతాయి. వెనుక పలక, పక్క గోడ కలిసే మూల వెంబడి సమాంతరంగా సాగిన పగుళ్లు ఉంటే మొత్తం పలకే ఊగుతోందని భావించాలి. రెండోది మరింత తీవ్రమైన సూచన. పై అంచుకు ఒక చివర నుంచి మరో చివరకు తాడు లాగి పట్టి చూస్తే పలక వెనక్కు వంగిందా లేదా అన్నదీ తెలుస్తుంది. బిగింపు మరల కింద లోపలి పొర గుంటపడి ఉంటే అక్కడి చెక్క నలిగినట్లే.

రెండో పరీక్ష: తట్టి వినడం

కుండ కొనేటప్పుడు వేలితో తట్టి చూసే అలవాటు మనకు తెలిసినదే. పడవ పలకకూ అదే సూత్రం వర్తిస్తుంది. ప్లాస్టిక్ తల ఉన్న చిన్న సుత్తితో గానీ, స్క్రూడ్రైవర్ పిడితో గానీ పలక అంతటా 5 సెంటీమీటర్లకు ఒకసారి తేలికగా తట్టాలి. ముందుగా బాగుందని నిశ్చయంగా తెలిసిన చోట తట్టి ఆ శబ్దాన్ని గుర్తుపెట్టుకోవాలి. గట్టి చెక్క ఉన్న చోట శబ్దం స్పష్టంగా, కరుకుగా వినిపించి సుత్తి చేతిలో ఎగురుతుంది. చెక్క చీకిన చోట, పొర ఊడిన చోట శబ్దం మందంగా, బొద్దుగా ఉంటుంది. సుత్తి ఎగరదు.

తేడా వినిపించిన ప్రతి చోటా సుద్దతో గీత గీయాలి. పని పూర్తయ్యేసరికి పలకపై పాడైన ప్రాంతం పటంలా కనిపిస్తుంది. ఆ పటం ఒక బోల్టు చుట్టూ అరచేతి వెడల్పుకు పరిమితమైతే సమస్య స్థానికమైనది. పలక అడుగంతా వ్యాపించి ఉంటే లోపల నీరు చాలాకాలంగా ఉన్నట్లు గ్రహించాలి. పలక మందం మారే చోట్ల, లోపల ఆధారాలు ఉన్న చోట్ల శబ్దం సహజంగానే మారుతుంది. కాబట్టి కుడి వైపు వినిపించిన శబ్దాన్ని ఎడమ వైపు అదే చోట వినిపించే శబ్దంతో పోల్చి చూడాలి.

మూడో పరీక్ష: స్పానర్, రంగు గీత

వదులైన నట్టును బిగిస్తున్నప్పుడు చేతికి తెలిసే అనుభూతి చాలా విషయాలు చెబుతుంది. పావు చుట్టులోనే నట్టు గట్టిగా బిగిసి ఆగితే అది కంపనాలకు వదులై ఉండవచ్చు. ఎంత తిప్పినా బిగింపు రాకుండా వాషరు పలకలోకి దిగబడిపోతుంటే వెంటనే ఆపాలి. చుట్టూ పగుళ్లు పడుతున్నా, రంధ్రంలో నుంచి గోధుమరంగు నీరు బయటకు వస్తున్నా అదే జాగ్రత్త పాటించాలి. ఆ చోట స్పానర్ తిప్పిన కొద్దీ లోపలి చెక్క మరింత నలుగుతుంది.

బిగింపు బాగానే ఉందని తోచినప్పుడు అసలు పరీక్ష మొదలవుతుంది. నట్టు మీదుగా వాషరు, పలక వరకు సాగేలా రంగుతో ఒక సన్నని నిలువు గీత గీయాలి. ఒడ్డుకు దగ్గరగా ఒకటి రెండు గంటలు పడవ నడిపి వచ్చి ఆ గీతను చూడాలి. నట్టు మీది గీత పక్కకు జరిగి ఉంటే నట్టు తిరిగిందని తేలుతుంది. అప్పుడు నైలాన్ లాక్ నట్టు వాడితే సరిపోతుంది. గీత చెక్కుచెదరకుండా ఉండి కూడా బోల్టు మళ్లీ వదులైతే నట్టు తిరగలేదని, దాని కింద ఉన్నదే కుంగిందని, లేదా బోల్టే సాగిందని స్పష్టమవుతుంది. కంపనానికీ కుళ్లుకూ మధ్య తేడాను ఇంత చవకగా చూపే పరీక్ష మరొకటి లేదు.

అనుమానం ఉన్న చోట ఒక బోల్టును పూర్తిగా బయటకు తీసి చూడాలి. ఇంజిన్‌ను దించిన తరువాతే ఈ పని చేయాలి. మధ్యభాగంలో గుంటలు, నల్లటి మచ్చలు, సన్నబడిన నడుము కనిపిస్తే ఆ వరుసలోని బోల్టులన్నింటినీ మార్చాలి. రంధ్రంలోకి సన్నని ఇనుప తీగ కొక్కెం పంపి గీకితే చెక్క స్థితి తెలుస్తుంది. మెత్తని పొడి, తడి పీచు రాలితే అది చీకిన చెక్క.

నాలుగో పరీక్ష: ఇంజిన్‌ను ఊపి చూడటం

పడవను ఒడ్డున కదలకుండా నిలబెట్టి, ఇంజిన్‌ను కిందికి దించి, దాని కాలు కింది భాగాన్ని పట్టుకుని ఒకరు ముందుకూ వెనక్కూ ఊపాలి. మరొకరు పలక పై అంచును, మూలలను గమనించాలి. ఇంజిన్ బ్రాకెట్ మాత్రమే కదిలి పలక నిశ్చలంగా ఉంటే లోపం బోల్టుల్లోనో, బ్రాకెట్‌లోనో ఉంది. బ్రాకెట్‌తో పాటు పలక కూడా ఊగుతుంటే, మూలల్లోని పగుళ్లు తెరుచుకుని మూసుకుంటుంటే లోపలి చెక్క బలం కోల్పోయింది. కంటికి స్పష్టంగా కనిపించేంత ఊగుడు ఉన్న పడవను మరమ్మతు పూర్తయ్యే వరకు సముద్రంలోకి దించరాదు.

అయిదో పరీక్ష: చిన్న రంధ్రంతో నిర్ధారణ

పై పరీక్షలన్నీ అనుమానాన్ని పెంచేవే గానీ నిర్ధారించేవి కావు. నిర్ధారణ కోసం చెక్కను చూడక తప్పదు. 5 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్‌తో పలక లోపలి వైపు నుంచి రంధ్రం చేయాలి. బయటి పొర తెగకుండా ఉండేందుకు బిట్‌కు కావలసిన లోతు దగ్గర టేపు చుట్టుకోవాలి. నీరు కిందికి చేరుతుంది కాబట్టి మొదటి రంధ్రం పలక అడుగున, రెండోది అనుమానం ఉన్న బోల్టు దగ్గర, మూడోది బాగున్నట్లు తోచిన పై భాగంలో వేయాలి.

బిట్‌తో పాటు వచ్చే పొట్టును ఒక తెల్ల కాగితంపై పట్టాలి. లేత రంగులో, పొడిగా, చుట్టలుచుట్టలుగా వస్తే చెక్క ఆరోగ్యంగా ఉంది. లేత రంగులోనే ఉన్నా కాగితాన్ని తడిపితే చెక్క తడిసింది గానీ ఇంకా చీకలేదు. ఆ స్థితిలో ఆరబెట్టి కాపాడుకోవచ్చు. కాఫీ పొడి రంగులో, తడిగా, ముక్క వాసనతో వస్తే కుళ్లు నిర్ధారణ అయినట్లే. కొన్నిసార్లు రంధ్రంలో నుంచి నీరే ధారగా కారుతుంది. మంచి చెక్క ఉన్న చోట చేసిన రంధ్రాన్ని అదే రోజు ఎపాక్సీతో మూసివేయాలి. పరీక్ష కోసం చేసిన రంధ్రం కొత్త నీటిదారి కారాదు.

తేమ మీటర్ అందుబాటులో ఉంటే వాడవచ్చు. అయితే అది చెక్క తడిసిందో లేదో సూచిస్తుందే తప్ప చీకిందో లేదో చెప్పదు. పైన తడి ఉన్నా, దగ్గరలో లోహపు ముక్కలు ఉన్నా, రాగి కలిసిన రంగు పూసినా దాని అంకెలు తప్పుదారి పట్టిస్తాయి. సుత్తి చెప్పింది, మీటర్ చెప్పింది, డ్రిల్ పొట్టు చెప్పింది ఒకే మాటైతే అప్పుడు నమ్మాలి.

మరమ్మతు ఏ మేరకు?

నష్టం బోల్టు రంధ్రం చుట్టూ మాత్రమే ఉండి, మిగిలిన చెక్క పొడిగా ఉంటే పని తేలిక. 10 మిల్లీమీటర్ల బోల్టు ఉన్న చోట 16 మిల్లీమీటర్ల రంధ్రం చేసి, పాడైన చెక్కను తొలగించి, అంచులను పూర్తిగా ఆరబెట్టాలి. ఒక వైపు టేపుతో మూసి, చిక్కగా కలిపిన ఎపాక్సీతో నింపాలి. అది గట్టిపడిన తరువాత మధ్యలో 10 మిల్లీమీటర్ల రంధ్రం తిరిగి చేయాలి. ఇప్పుడు బోల్టు చుట్టూ చెక్కకు బదులు నీరు పీల్చని గట్టి గొట్టం లాంటి ఎపాక్సీ ఉంటుంది. నట్టు ఎంత బిగించినా నలగదు, సీలెంట్ విడిచినా నీరు చెక్కను తాకదు.

లోపలి వైపు చిన్న వాషరుకు బదులు లోహపు పలక వేయడం రెండో మెరుగుదల. 10 మిల్లీమీటర్ల బోల్టుకు వేసే సాధారణ వాషరు సుమారు 2.3 చదరపు సెంటీమీటర్ల మేర మాత్రమే ఆనుతుంది. అదే చోట 75 మిల్లీమీటర్ల చదరపు పలక వేస్తే 55 చదరపు సెంటీమీటర్లకు పైగా ఆనుతుంది. అంటే అదే భారం దాదాపు 24 రెట్లు ఎక్కువ చోటుపై పంచుకోబడుతుంది. రెండు మూడు బోల్టులను కలిపే పొడవాటి పలక ఇంకా మేలు.

కుళ్లు పలక అడుగంతా వ్యాపించి ఉంటే సగం మరమ్మతులతో ప్రయోజనం లేదు. లోపలి ఫైబర్ పొరను చుట్టూ కొంత అంచు వదిలి కోసి తీసి, చీకిన చెక్కను పూర్తిగా తొలగించాలి. మంచి చెక్క అగుపించే వరకు, దానిని దాటి మరికొంత కూడా తీయాలి. కొత్తగా వేసే ప్లైవుడ్ ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ రకమై ఉండాలి. ఫర్నిచర్‌కు వాడే సాధారణ ప్లైవుడ్‌తో పొదుపు చేస్తే ఆ శ్రమంతా కొన్నేళ్లలో వృథా అవుతుంది. ప్లైవుడ్ అన్ని అంచులకూ రెసిన్ పట్టించి, గాలి బుడగలు లేకుండా అతికించాలి. దానిపై వేసే కొత్త పొర పాత పొరతో కలిసే చోట, పాత పొర మందానికి కనీసం 12 రెట్ల వెడల్పున అంచును ఏటవాలుగా అరగదీయాలి. అప్పుడే కొత్త అతుకుకు తగిన పట్టు దొరుకుతుంది. ఈ పనికి అనుభవమున్న ఫైబర్ పనివారి సాయం తీసుకోవడమే క్షేమం.

చేయకూడని పనులు

తడి చెక్కలోకి రంధ్రాల ద్వారా రెసిన్ పోసి గట్టిపరిచే ప్రయత్నం తరచూ జరుగుతుంటుంది. నీరు నిండిన చెక్కలోకి రెసిన్ ఇంకదు. పైగా ఉన్న తేమను లోపలే బంధించి కుళ్లుకు తోడ్పడుతుంది. పగుళ్లపై పుట్టీ రాసి రంగు వేయడం కూడా అంతే. అది సూచనను చెరిపివేస్తుందే తప్ప కారణాన్ని తొలగించదు. పాత బోల్టు పక్కనే కొత్త రంధ్రం చేసి మరో బోల్టు వేయడం మరో పొరపాటు. బలహీనపడిన చెక్కలో మరో రంధ్రం అంటే మరో నీటిదారి. ఎపాక్సీతో చేసిన మరమ్మతుపై పాలిఎస్టర్ రెసిన్ వేస్తే సరిగా అతకదు. పాలిఎస్టర్‌పై ఎపాక్సీ మాత్రం పట్టుకుంటుంది. ఈ వరుసను గుర్తుంచుకోవాలి.

పనిచేసేవారి భద్రత

ఫైబర్‌ను అరగదీసినప్పుడు లేచే గాజు ధూళి ఊపిరితిత్తులకు, కళ్లకు, చర్మానికి హాని చేస్తుంది. మాస్కు, కళ్లద్దాలు, నిండు చేతుల చొక్కా తప్పనిసరి. పాలిఎస్టర్ రెసిన్ ఆవిర్లు తలతిప్పును కలిగిస్తాయి, త్వరగా మంటనూ అందుకుంటాయి. గాలి ఆడే చోట, పొయ్యికీ చుట్టకూ దూరంగా పనిచేయాలి. రెసిన్‌ను గట్టిపరిచే ఎంఇకెపి ద్రావణం కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది. వెంటనే నీటితో ఎక్కువసేపు కడిగి వైద్యుడి వద్దకు వెళ్లాలి. కోబాల్ట్ యాక్సిలరేటర్‌ను, ఎంఇకెపిని నేరుగా ఒకదానితో ఒకటి ఎన్నడూ కలపరాదు. ఆ మిశ్రమం పేలే ప్రమాదం ఉంది. ఒకదానిని ముందుగా రెసిన్‌లో పూర్తిగా కలిపాకే రెండోది చేర్చాలి.

మే నెల ఎండల్లో రెసిన్ చాలా త్వరగా గడ్డకడుతుంది. ఉదయం పూట, నీడలో, కొద్దికొద్దిగా కలుపుకుంటూ పనిచేయడం ఉత్తమం. పరీక్షలు నిషేధ కాలం మొదటి వారంలోనే పూర్తిచేస్తే, విప్పిన చెక్క ఆరడానికి మే ఎండలు బాగా ఉపకరిస్తాయి. జూన్‌లో తొలకరి జల్లులు పడే వేళకు మరమ్మతు ముగిసి పలక మూసి ఉండాలి. చివరి వారం వరకు వాయిదా వేసిన పడవకు ఆరే సమయం దొరకదు. తడి మీదే పొర వేయాల్సి వస్తుంది.

నివారణ ఖర్చు తక్కువ

పడవను ఒడ్డున ఉంచినప్పుడు ముందు భాగం ఎత్తుగా, వెనుక భాగం పల్లంగా ఉండేలా నిలిపి, అడుగు రంధ్రపు బిరడా తీసి ఉంచితే వాననీరు నిలవదు. ఏడాదికోసారి బోల్టులు తీసి, పాత సీలెంట్ గీకి, కొత్తది రాసి బిగించాలి. కొత్తగా ఏ చిన్న స్క్రూ వేసినా రంధ్రం అంచులకు రెసిన్ పట్టించిన తరువాతే వేయాలి. పని లేని పాత రంధ్రాలను మూసివేయాలి. వేటకు బయలుదేరే ముందు రంగు గీతలను ఒక్కసారి చూసి, ఇంజిన్‌ను ఒక్కసారి ఊపి చూడటానికి రెండు నిమిషాలు చాలు. ఏ బోల్టును ఎప్పుడు బిగించారో ఒక పుస్తకంలో రాసుకుంటే మరీ మంచిది. ఒకే బోల్టు ఒక్క వేట కాలంలో మూడుసార్లు బిగించాల్సి వచ్చిందంటే ఆ పుస్తకమే హెచ్చరిక చేస్తుంది.

ఈ సూచనలు తూర్పు తీరానికే పరిమితం కావు. పశ్చిమ తీరంలో జూన్ 1 నుంచి జూలై 31 వరకు సాగే నిషేధ కాలం వానాకాలంలో వస్తుంది. కాబట్టి అక్కడి పడవలను కప్పు కింద ఉంచి ఆరబెట్టుకోవాల్సి ఉంటుంది. జలాశయాల్లో, నదుల్లో పర్యాటకులను తిప్పే ఫైబర్ పడవలు ఎల్లప్పుడూ మంచినీటిలోనే ఉంటాయి. ఉప్పు ఇచ్చే కొద్దిపాటి రక్షణ వాటికి లేదు. ప్రయాణికుల సంఖ్య ఎక్కువ కనుక వాటి నిర్వాహకులు ఈ పరీక్షలను మరింత తరచుగా జరపాలి.

పాడైన పలకను మార్చడానికి కొన్ని రోజుల శ్రమ, కొంత ఖర్చు అవుతాయి. చేతిలోని స్పానర్‌ను మరో చుట్టు తిప్పే ముందు ఆ నట్టు ఎందుకు వదులైందని ఒక్కసారి ప్రశ్నించుకుంటే ఆ శ్రమను ఒడ్డునే పడవచ్చు. ఆ ప్రశ్న వేసుకోకపోతే దాని సమాధానం నడిసముద్రంలో దొరుకుతుంది.